పరవేషం నుంచి స్వవేషానికి: ప్రియాంక సింగ్ నటప్రస్థానం - తెలుగు టెలివిజన్ హాస్యం

వ్యాససంగ్రహం:

తెలుగు టెలివిజన్ హాస్యకార్యక్రమాల్లో పురుషులు ధరించే స్త్రీవేషం 'లేడీ గెటప్' అన్న పేరుతో ఒక ప్రత్యేక నటనాశాఖగా స్థిరపడింది. ఆ శాఖలో గుర్తింపు పొంది, అనంతరం ట్రాన్స్ మహిళగా తన అస్తిత్వాన్ని బహిరంగంగా ప్రకటించిన నటి ప్రియాంక సింగ్. 'జబర్దస్త్' నుంచి 'బిగ్ బాస్' వరకు సాగిన ఆమె ప్రస్థానాన్ని నాట్యశాస్త్ర పరిభాష వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పురుషుడి స్త్రీవేషాన్ని ఆదరించిన తెలుగు ప్రదర్శనసంప్రదాయం, ఆ వేషం ఎప్పటికైనా తొలగిపోతుందన్న హామీ మీద ఆధారపడిందనీ, ఆ హామీ లేనిచోట టెలివిజన్ నటిని నవ్వు నుంచి కన్నీటికి మార్చిందే తప్ప పాత్రను చేతికివ్వడానికి వెనుకాడిందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: హాస్యరసం, పరవేషం, రూపానుసారిణి, లేడీ గెటప్, జబర్దస్త్, ట్రాన్స్‌జెండర్ అస్తిత్వం, టెలివిజన్ విమర్శ.

1. ఉపోద్ఘాతం:

నాటకం, సినిమా గురించి తెలుగులో విస్తారమైన విమర్శ వచ్చింది. వారం వారం కోట్లాది మంది చూసే టెలివిజన్ హాస్యాన్ని మాత్రం విమర్శకులు ఎక్కువగా అభిరుచికి సంబంధించిన ఫిర్యాదుగానే చర్చించారు. ద్వంద్వార్థాలు, స్థాయి, అశ్లీలం అన్న మాటల దగ్గర ఆ చర్చ ఆగిపోయింది. ఈ హాస్యం ఏ సంకేతాల మీద నడుస్తుంది, ఎవరి శరీరాన్ని సామగ్రిగా వాడుకుంటుంది, ఆ శరీరం గలవారికి ఏ స్థానం మిగులుస్తుంది అన్న ప్రశ్నలు అంతగా చర్చకు రాలేదు. ప్రియాంక సింగ్ ప్రస్థానం ఈ ప్రశ్నలను ఒకేచోట నిలుపుతుంది. ఒకే నటి, ఒకే ప్రేక్షకసమూహం ముందు, మొదట స్త్రీవేషం ధరించిన కళాకారిణిగా, తరువాత స్త్రీగా నిలబడింది. చీర మారలేదు. దాన్ని చూసే చూపు మారింది. ఆ మార్పే ఇక్కడ పరిశీలనాంశం.

పరిభాష గురించి ఒక మాట. ఈ వ్యాసంలో ఆమె పూర్వనామాన్ని వాడడం లేదు. పాత ప్రదర్శనలను గుర్తించడానికి ఆ పేరు అవసరమన్న వాదన ఉండవచ్చు. కాని ఒక వ్యక్తి వదులుకున్న పేరును మళ్ళీ ఆమెకు తగిలించడం వల్ల ఈ పరిశోధనకు కొత్తగా చేకూరేది ఏమీ లేదు. పురుషవేషధారణ కాలానికి సంబంధించిన సందర్భాల్లోనూ 'ఆమె' అన్న సర్వనామాన్నే వాడుతున్నాను.

2. పరవేషం - హాస్యవిభావం:

భరతుడు హాస్యరసానికి చెప్పిన విభావాల్లో వికృతవేషం, పరవేషం, అలంకారం, ధార్ష్ట్యం, లౌల్యం, అసత్ప్రలాపం, వ్యంగదర్శనం మొదలైనవి ఉన్నాయి. వీటిలో 'పరవేషం' అన్న పదం మన చర్చకు ప్రధానం. ఇతరులకు చెందిన వేషాన్ని ధరించినప్పుడు నవ్వు పుడుతుంది. అంటే నవ్వుకు మూలం వేషంలో లేదు. ధరించినవారికీ వేషానికీ నడుమ ఉందని ప్రేక్షకుడు భావించే దూరంలో ఉంది. ఆ దూరం కనిపించినంతసేపే నవ్వు. దూరం చెరిగిపోతే విభావం కూడా చెదిరిపోతుంది.

నటప్రకృతిని విభజించేటప్పుడు భరతుడు మరో మూడు మాటలు చెప్పాడు. స్త్రీ స్త్రీపాత్రను, పురుషుడు పురుషపాత్రను తమ స్వభావానికీ వయసుకూ తగినట్లు ధరించడం అనురూప. బాలుడు వృద్ధుడిగానో వృద్ధుడు బాలుడిగానో వేషం కట్టడం విరూప. పురుషుడు స్త్రీభావాన్ని అనుసరించి నటించడం రూపానుసారిణి. ఈ విభజనలో మూడో రకం హాస్యానికి పరిమితమైనది కాదన్నది గమనించదగిన విషయం. స్త్రీవేషం ధరించిన పురుషుడు శృంగారాన్నీ కరుణనూ పోషించగలడు. కనుక పురుషుడి స్త్రీవేషం సహజంగానే నవ్వు పుట్టిస్తుందన్న నేటి టెలివిజన్ నమ్మకానికి శాస్త్రంలో ఆధారం లేదు. పరవేషాన్ని హాస్యవిభావంగా మలచడం ఒక ఎంపిక. ఆ ఎంపికకు చరిత్ర ఉంది.

3. తిరిగి వచ్చే వేషం:

తెలుగు ప్రదర్శనకళల్లో స్త్రీవేషానికి దక్కిన గౌరవం సామాన్యమైనది కాదు. 'శ్రీకృష్ణతులాభారం' నాటకంలో సత్యభామగా స్థానం నరసింహారావు తెలుగు నాటకరంగంలో ఒక ప్రమాణాన్ని నెలకొల్పారు. 1956లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో సత్కరించింది. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మ ధరించిన సత్యభామ కూడా అటువంటిదే. 'భామాకలాపం'లో హాస్యభారాన్ని మోసేది ప్రధానంగా మాధవి పాత్ర. సత్యభామను పురుషుడు ధరించినప్పటికీ ప్రేక్షకుడు నవ్వడానికి సిద్ధపడి కూర్చోడు. ఆమె విరహాన్నీ అహంకారాన్నీ ఆస్వాదించడానికి కూర్చుంటాడు. కూచిపూడి బ్రాహ్మణకుటుంబాల్లో పుట్టిన ప్రతి పురుషుడూ జీవితంలో ఒక్కసారైనా భామవేషం కట్టాలని సిద్ధేంద్రయోగి నియమం పెట్టాడన్న అనుశ్రుతి ఈ గౌరవానికి మతపరమైన పునాదిని కూడా ఇచ్చింది.

తిరుపతి గంగమ్మ జాతరలో పురుషులు మొక్కుగా స్త్రీవేషం ధరిస్తారు. 2024లో విడుదలైన 'పుష్ప 2' చిత్రంలో అల్లు అర్జున్ ఆ జాతరవేషంలో కనిపించినప్పుడు ప్రేక్షకులు దాన్ని పౌరుషానికి పరాకాష్ఠగానే స్వీకరించారు. విరాటపర్వంలో అర్జునుడు పేడిగా, బృహన్నలగా గడిపిన అజ్ఞాతవాసం తెలుగువారికి తిక్కన ద్వారా చిరపరిచితం. 'నర్తనశాల' (1963)లో ఎన్.టి. రామారావు ఆ పాత్రను ధరించారు.

ఈ ఉదాహరణలన్నింటిలో ఉమ్మడి సూత్రం ఒకటుంది. వేషం తిరిగి వస్తుంది. గడువు తీరగానే అర్జునుడు గాండీవం అందుకుంటాడు. జాతర ముగియగానే మొక్కు తీర్చుకున్నవాడు ఇంటికి పోతాడు. స్థానంవారు రంగు కడుక్కుని పురుషుడిగా సత్కారం అందుకుంటారు. వేషం ఎంత గాఢంగా ఉన్నా దాని వెనుక పురుషత్వం చెక్కుచెదరకుండా ఉందన్న హామీ ప్రేక్షకుడికి ముందే అందుతుంది. ఆ హామీ ఉన్నచోట స్త్రీవేషం కళ, భక్తి, వీరం ఏదైనా కాగలదు. ఆ హామీ లేనివారికి ఇదే సమాజం మిగిల్చిన మాటలు వేరు. 'బృహన్నల', 'శిఖండి' అన్న పురాణనామాలే నిత్యవ్యవహారంలో తిట్లుగా మారిన వైనం ఆ తేడాను చెబుతుంది. తిరిగి వచ్చిన బృహన్నల అర్జునుడు. తిరిగి రాని బృహన్నల తిట్టు.

4. 'లేడీ గెటప్' వ్యాకరణం:

2013 ఫిబ్రవరిలో ఈటీవీలో మొదలైన 'జబర్దస్త్' ఈ వారసత్వాన్ని స్టూడియోలోకి తెచ్చింది. మల్లెమాల సంస్థ నిర్మించిన ఈ కార్యక్రమంలో బృందాలు టీమ్ లీడర్ల ఆధ్వర్యంలో చిన్న నాటికలు ప్రదర్శిస్తాయి. నాగబాబు, రోజా చాలాకాలం న్యాయనిర్ణేతలుగా వ్యవహరించారు. 2014లో 'ఎక్స్‌ట్రా జబర్దస్త్' తోడైంది. నాటికల్లో అధికభాగం కుటుంబం చుట్టూ తిరుగుతుంది: అనుమానించే భార్య, దొరికిపోయే భర్త, గయ్యాళి అత్త. తొలి సంవత్సరాల్లో ఈ స్త్రీపాత్రలను ఎక్కువగా పురుషులే ధరించారు. చమ్మక్ చంద్ర కుటుంబకలహ నాటికల్లో భార్యగా వినోద్, మరికొన్ని బృందాల్లో శాంతిస్వరూప్ వంటి కళాకారులు ఈ శాఖకు గుర్తింపు తెచ్చారు.

ఈ వేషానికి ఒక వ్యాకరణం ఉంది. దాని మొదటి సూత్రం అతిశయం. నడక, చూపు, చీరకొంగు సర్దుకునే తీరు, కీచుగొంతు వాస్తవాన్ని ఒక పాలు మించి ఉండాలి. రెండోది స్మరణం. నాటిక మధ్యలో ఎక్కడో ఒకచోట 'ఇది నిజంగా ఆడది కాదు' అని ప్రేక్షకుడికి గుర్తుచేసే పంచ్ పడాలి. గొంతు మార్చడం, విగ్గు గురించిన మాట, భర్త పాత్రధారి విసుగు ఇందుకు సాధనాలు. మూడోది ప్రశంస. అచ్చం ఆడపిల్లలాగే ఉన్నావన్న మెచ్చుకోలు వేదిక మీద వినిపించాలి. ఈ మెచ్చుకోలులోని 'లాగే' అన్న మాట అత్యంత కీలకం. అది సామ్యాన్ని ఒప్పుకుంటూనే తాదాత్మ్యాన్ని నిరాకరిస్తుంది. అలంకారశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే ఇక్కడ అనుమతి ఉన్నది ఉపమకే. రూపకానికి అనుమతి లేదు.

ఈ వేషం స్త్రీల కొరత వల్ల పుట్టిన ప్రత్యామ్నాయమని భావించడానికి అవకాశముంది. చరిత్ర ఆ భావనను సమర్థించదు. నటీమణుల రాక పెరిగిన కొద్దీ పద్యనాటకరంగంలో పురుషుల స్త్రీవేషం క్రమంగా తగ్గింది. 'జబర్దస్త్'లో సత్యశ్రీ, రోహిణి, వర్ష, ఫైమా వంటి నటీమణులు వచ్చి బలమైన హాస్యపాత్రలు చేసిన తరువాత కూడా లేడీ గెటప్ పూర్తిగా అంతరించలేదు. స్త్రీపాత్రను పూరించడం దాని అసలు పని కాదు. పాత్రకూ ధరించినవారికీ నడుమ ఉన్న ఎడమే అక్కడ అమ్ముడుపోయే సరుకు.

అయితే ఈ శాఖను కేవలం అపహాస్యంగా తోసిపుచ్చడం సమంజసం కాదు. చీర కట్టుకుని పదిమంది ముందు నిలబడాలన్న కోరిక ఉన్న వ్యక్తికి, ఇల్లూ ఊరూ వేయని తలుపును ఈ వేదిక తెరిచింది. వేతనం ఇచ్చింది. పేరు ఇచ్చింది. ఆ కోరికకు 'వృత్తి' అన్న గౌరవప్రదమైన వివరణను కూడా సమకూర్చింది. వేషం ఒక ముసుగు అయినట్లే ఒక ఆశ్రయం కూడా అయింది. ప్రియాంక ప్రస్థానాన్ని ఈ రెండు కోణాల నుంచీ చూడాలి.

5. ప్రియాంక: వేషం ఆగినచోటు:

'జబర్దస్త్' నాటికల్లో ప్రియాంక వేషధారణను తోటివారి వేషధారణతో పోల్చి చూస్తే ఒక భేదం కనిపిస్తుంది. అతిశయం తక్కువ. చీరకట్టులో, నిలబడే తీరులో, తల తిప్పే విధానంలో వైకృతం కంటే అలవాటు కనిపిస్తుంది. నాటిక రచన ఆమెను పరవేషంగానే చూపాలని ప్రయత్నిస్తుంది. ఆమె శరీరభాష మాత్రం ఆ దూరాన్ని తగ్గిస్తూ పోతుంది. అందువల్ల నవ్వించే భారం ఆమె నుంచి పక్కపాత్రల మాటల మీదికి జరుగుతుంది. భర్త పాత్రధారి పంచ్ వేస్తే తప్ప ప్రేక్షకుడికి ఆ ఎడం గుర్తురాని స్థితి ఏర్పడుతుంది. ఈ స్థితిని నటనావైఫల్యంగా పరిగణించే వీలుంది. నా దృష్టిలో అది రూపానుసారిణి నుంచి అనురూపకు సాగుతున్న పరిణామం.

శస్త్రచికిత్స అనంతరం ఆమె తనను ట్రాన్స్ మహిళగా బహిరంగంగా ప్రకటించారు. ఆపైన లేడీ గెటప్ కళాకారుల వరుసలో ఆమె కొనసాగలేదు. ఇందులో ఆశ్చర్యం లేదు. వ్యాకరణంలోని రెండో సూత్రం, స్మరణం, ఇక్కడ పని చేయదు. 'ఇది నిజంగా ఆడది కాదు' అన్న పంచ్ ఇప్పుడు పడితే అది హాస్యం కాదు, నిజమైన మనిషికి నిజమైన అవమానం. పరవేషం స్వవేషమైంది. విభావం పోయింది. నటిగా ఆమె నేర్చిన కౌశలమంతా అలాగే ఉన్నప్పటికీ ఆ కౌశలానికి గిరాకీ కల్పించిన ఎడం మాత్రం మాయమైంది.

ఈ పరిణామానికి నేపథ్యంగా ఒక చట్టాన్ని గుర్తుచేయాలి. నిజాం కాలపు ఆంధ్రప్రదేశ్ (తెలంగాణ ప్రాంత) యూనక్స్ చట్టం, 1329 ఫసలీ, స్త్రీవేషంలో వీధిలో కనిపించే, లేదా బహిరంగస్థలాల్లో ఆటపాటల్లో, వినోదప్రదర్శనల్లో పాల్గొనే హిజ్రాలను వారెంటు లేకుండా అరెస్టు చేసే అధికారాన్ని పోలీసులకు ఇచ్చింది. తెలంగాణ హైకోర్టు ఈ చట్టాన్ని రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసింది 2023 జులైలో. అంటే హైదరాబాదు స్టూడియోలో పురుషుడి స్త్రీవేషం వారంవారం చప్పట్లు అందుకుంటున్న పదేళ్ళపాటు, అదే నగరంలో ట్రాన్స్ మహిళ చీర కట్టుకుని వీధిలో పాడితే నేరమనే చట్టం పుస్తకాల్లో మిగిలే ఉంది. ఆ చట్టాన్ని ఆచరణలో ఎంతవరకు వాడారన్నది ఇక్కడ ప్రధానం కాదు. అది నిషేధించిన రెండు అంశాలు స్త్రీవేషం, బహిరంగ వినోదం. లేడీ గెటప్‌కు మూలధనం కూడా సరిగ్గా ఆ రెండే. వేషాన్ని తీసివేయగలవారికి అది కళ. తీసివేయనివారికి అది నేరం.

6. నవ్వు నుంచి కన్నీటికి:

2021 సెప్టెంబరు 5న స్టార్ మాలో ప్రారంభమైన 'బిగ్ బాస్' ఐదో సీజన్‌లో 19 మంది పోటీదారుల్లో ఒకరిగా ప్రియాంక ప్రవేశించారు. నాగార్జున వ్యాఖ్యాతగా వ్యవహరించిన ఆ సీజన్‌లో ఆమె 13వ వారం వరకు నిలిచారు. ఇంట్లోనివారు, ప్రేక్షకులు ఆమెను 'పింకీ' అన్న ముద్దుపేరుతో పిలుచుకున్నారు. తెలుగు కుటుంబాలు రాత్రి భోజనవేళ ఒక ట్రాన్స్ మహిళ వండడం, అలగడం, ఆడడం, జట్టు కట్టడం మూడు నెలలపాటు చూశాయి. ఈ దైనందినత్వం విలువైనది. ఒక్క సంఘటనకో సమస్యకో కుదించని జీవితాన్ని చూపే అవకాశం ఆ కార్యక్రమస్వరూపంలోనే ఉంది.

అయినా ఆ కార్యక్రమం ఆమె నుంచి కోరిన ప్రధానద్రవ్యం వేరు. తండ్రి వీడియోసందేశం ద్వారా ఆమెను కుమార్తెగా అంగీకరించిన ఘట్టం ఇందుకు నిదర్శనం. అది ఆమె జీవితంలో గొప్ప క్షణం. ఎందరో ట్రాన్స్ వ్యక్తులకు, వారి తల్లిదండ్రులకు ధైర్యమిచ్చిన క్షణం కూడా. కాని విమర్శ మరో అంశాన్ని గమనించాలి. అంగీకారాన్ని ఇచ్చేవారు ఒకవైపు, దానికోసం కన్నీటితో ఎదురుచూసేవారు మరొకవైపు ఉన్న ఈ నిర్మాణంలో ట్రాన్స్ మహిళకు నిర్ణయాధికారం లేదు. హాస్యకార్యక్రమంలో ఆమె ఇతరుల పంచ్‌కు ఆలంబనం. ఇక్కడ ఇతరుల ఔదార్యానికి ఆలంబనం. రసం మారింది. ఆమె స్థానం మారలేదు.

ఇదే కార్యక్రమం మూడో సీజన్ (2019)లో వైల్డ్ కార్డ్ ద్వారా ప్రవేశించిన తమన్నా సింహాద్రితో పోలిస్తే ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. అదే సంవత్సరం మంగళగిరి శాసనసభ నియోజకవర్గం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా పోటీచేసిన ఆమె ఇంట్లో వాదించారు, నిలదీశారు, కోపాన్ని దాచుకోలేదు. కొద్దివారాలకే వెనుదిరిగారు. ఓట్లకు కారణాలు అనేకం ఉంటాయి. ఇద్దరి వ్యక్తిత్వాలూ ఆటతీరూ వేరు. అయినా ఓర్చుకునే ట్రాన్స్ మహిళను అక్కున చేర్చుకున్నంత సులువుగా ఎదిరించే ట్రాన్స్ మహిళను ఆ ఇల్లు భరించలేదన్న సూచన ఈ పోలికలో ఉంది. కరుణకు ఉన్న మార్కెట్టు రౌద్రానికి లేదు.

7. ప్రశ్నించే కుర్చీ:

ఇంతకంటే భిన్నమైన స్థానం దక్షిణాది టెలివిజన్‌లో అసాధ్యమేమీ కాదు. 2008లో తమిళ విజయ్ టీవీలో 'ఇప్పడిక్కు రోజ్' అన్న కార్యక్రమానికి ట్రాన్స్ మహిళ రోజ్ వెంకటేశన్ వ్యాఖ్యాతగా వ్యవహరించారు. కుటుంబం, లైంగికత వంటి విషయాల మీద అతిథులను ప్రశ్నించే కుర్చీలో ఆమె కూర్చున్నారు. ఆమె గురించి చెప్పించుకోవడం ఆ కార్యక్రమస్వరూపం కాదు. ఇతరుల చేత చెప్పించడం ఆమె పని. రామ్ దర్శకత్వంలో మమ్ముట్టి నటించిన 'పేరన్బు' చిత్రంలో ట్రాన్స్ నటి అంజలి అమీర్ ట్రాన్స్ మహిళ పాత్రనే ధరించారు. భరతుడి మాటలో అది అనురూప ప్రకృతి.

తెలుగులోనూ ఈ దిశగా సాహిత్యం ముందడుగు వేసింది. ఎ. రేవతి ఆత్మకథను పి. సత్యవతి 'ఒక హిజ్రా ఆత్మకథ'గా అనువదించారు. ఆ అనువాదానికి 2019 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం లభించింది. ఆత్మకథలో మాట్లాడేది, ఏది చెప్పాలో ఎంచుకునేది, ఎక్కడ ఆపాలో నిర్ణయించేది రచయిత్రి. రియాలిటీ షోలో ఆ నిర్ణయం ఎడిటింగ్ గదిది. రెంటినీ 'అనుభవకథనం' అని ఒకే గాటన కట్టడం పరిశోధకులు తరచు చేసే పని. కర్తృత్వం ఎవరిదన్న ప్రశ్న వేస్తే ఆ రెండూ ఎంత దూరంలో ఉన్నాయో తెలుస్తుంది.

చట్టం తన వంతు చెప్పింది. 2014 ఏప్రిల్ 15న నల్సా తీర్పులో సుప్రీంకోర్టు స్వీయలింగనిర్ణయాన్ని హక్కుగా గుర్తించింది. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం ఉద్యోగాల్లో వివక్షను నిషేధించింది. కాని ఏ చట్టమూ ఒక నటికి ఫలానా పాత్ర ఇవ్వాలని చెప్పలేదు. ఆ పని రచయితలది, దర్శకులది, నిర్మాతలది. వారి ఊహను నిలదీయడం విమర్శ బాధ్యత.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. పురుషుడి స్త్రీవేషాన్ని తెలుగు సంప్రదాయం ఆదరించింది నిజమే. ఆ ఆదరణ వేషం తిరిగి వస్తుందన్న హామీ మీద ఆధారపడింది. కనుక స్థానం నరసింహారావు, కూచిపూడి వారసత్వాన్ని చూపి తెలుగు సమాజం ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను ఎప్పటినుంచో అంగీకరించిందని తీర్మానించడం తొందరపాటు అవుతుంది.

2. లేడీ గెటప్ హాస్యం స్త్రీత్వం మీద కాక, వేషానికీ ధరించినవారికీ నడుమ ఉన్న ఎడం మీద నడుస్తుంది. ఆ ఎడం చెరిగిన నటి ఆ హాస్యానికి అక్కరకు రాదు.

3. ప్రియాంక సింగ్ ప్రస్థానంలో టెలివిజన్ ఆమెను హాస్యం నుంచి కరుణకు మార్చింది. రెండుచోట్లా ఆమె ఆలంబనంగానే ఉండిపోయింది.

ప్రియాంక హాస్యనటి. ఆమె నైపుణ్యం సంభాషణ పలకడంలో, ప్రతిస్పందించడంలో, సందర్భాన్ని అందుకోవడంలో ఉంది. అవి శస్త్రచికిత్సతో పోయేవి కావు. ఆమె లింగాస్తిత్వం కథావస్తువు కానవసరం లేని ఒక నాటికలో అనుమానించే భార్యగానో, గడుసు పొరుగింటావిడగానో, బ్యాంకు ఉద్యోగినిగానో ఆమె నవ్వించగలదు. అప్పుడు ప్రేక్షకుడు నవ్వేది పాత్ర గడుసుతనానికి. నటి శరీరానికి కాదు. నాట్యశాస్త్రం 'అనురూప' అని పేరుపెట్టిన చోటు అది. అది సిద్ధాంతంలో చాలాకాలంగా ఖాళీగా ఉంది. తెలుగు టెలివిజన్ ఆ చోటును ఎప్పుడు, ఎవరి రచనతో నింపుతుందో గమనిస్తూ ఉండడం, నింపినప్పుడు దాన్ని నటనగానే అంచనా వేయడం రాబోయే పరిశోధనల పని.